మేస్త్రీ గ్లాసులో టీ అయ్యేదాకా

ఆ ఇంట్లో ఒక ఆకుపచ్చ కుర్చీ ఉంది. చేసింది సోఫాల మేస్త్రీ. ఊళ్ళో సగం ఇళ్ళల్లో జనం ఆయన కుట్టిన సీట్ల మీదే కూర్చుని టీవీ చూస్తారు, పోట్లాడుకుంటారు, కునుకు తీస్తారు. పెళ్ళయిన కొత్తలో భార్య కోసమని మంచి చెక్క ఏరి, లోపల మెత్తటి స్పాంజి పెట్టి, ఆకుపచ్చ గుడ్డ బిగించి, అంచుల వెంట గుండ్రటి ఇత్తడి మేకులు కొట్టి మరీ చేశాడు. ఇన్నేళ్ళయినా ఆ స్పాంజి వీసమెత్తు అణగలేదు. అణగాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా! ఆవిడ కూర్చోదు, ఇంకొకర్ని ఆయన కూర్చోనివ్వడు. అత్తగారు మాత్రం ఆరిన బట్టలన్నీ తెచ్చి దాని మీద పడేసి, మీ ఆవిడకి లేని యోగం నా చీరలకి పట్టిందిరా అని కొడుకుని దెప్పుతూ ఉంటుంది.

ఆవిడ బస్సు కండక్టరు. బస్సులో వెనక తలుపు పక్కన కండక్టరు సీటని ఒకటుంటుందా, దాని మీద ఆవిడ సంచీ కూర్చుంటుంది, మంచినీళ్ళ సీసా కూర్చుంటుంది, ఎవరైనా ముసలామె ఎక్కితే ఆమె కూర్చుంటుంది. ఆవిడ మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంటుంది. ముందుకి జరగండి, దిగేవాళ్ళు దిగండి, రైట్ రైట్! స్టాపులో బస్సు ఆగి ఆగకముందే ఆవిడ నోట రైట్ రైట్ వచ్చేస్తుంది. డ్రైవరు పాపం బ్రేకు మీద కాలు పెట్టాలో తీయాలో తెలియక సతమతమైపోతాడు. డిపోలో గానీ వీధిలో గానీ ఆవిడ పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. రైట్‌రైటక్క అంటే మాత్రం చిన్న పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

పుట్టడమే నెల ముందు పుట్టిందట. కడుపులోనే కుదురుగా ఉండలేదమ్మా ఇది, బయటికొచ్చాక ఉంటుందా అనేది వాళ్ళమ్మ. బళ్ళో పంతులమ్మ శిక్ష వేసి గది బయట నిలబెడితే, హమ్మయ్య అనుకుని బడి చుట్టూ ప్రదక్షిణాలు చేసేది. పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు మొహం అద్దంలా కనిపిస్తుంది, పెళ్ళికూతురి మొహం మాత్రం అలుక్కుపోయి ఉంటుంది. ఫోటోగ్రాఫరు కదలొద్దన్న ప్రతిసారీ కదిలిందట మహాతల్లి. కాపురానికొచ్చిన వారంలోనే అత్తగారు, ఏమిటే అమ్మాయ్ ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు అని అడిగేసింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. అనుకోవాలన్నా కాసేపు ఒకచోట కూర్చోవాలి.

ఆవిడ చేతికి సైకిలిచ్చింది కూడా ఈ మేస్త్రీయే. సెలవు రోజున ఇంట్లో సామాన్లన్నీ అటు జరిపి ఇటు జరిపి, కుట్టడానికి కత్తిరించి పెట్టుకున్న గుడ్డలు సైతం సర్దేస్తుంటే తట్టుకోలేక, నాలుగు వీధులు తొక్కొస్తే అలిసిపోయి కూర్చుంటుందని సైకిలు కొనిచ్చాడు. చేతులారా చేసుకున్నాడు! నాలుగు వీధులు నాలుగు ఊళ్ళయ్యాయి. ఆ తర్వాత ఊళ్ళో దూరాలు తొక్కేవాళ్ళ క్లబ్బు ఒకటుంటే అందులో చేరింది. క్లబ్బుకి పెద్ద ఒక లెక్కల మాస్టారు. ఏడాదికోసారి ఆయన ఒక పెద్ద రైడు పెడతాడు. తెల్లారకముందే బయల్దేరాలి, పొలాలూ గుట్టలూ చుట్టి చీకటిపడేలోపు మళ్ళీ బడి మైదానానికి చేరాలి. చీకటిపడిందా, గేటు వేసేస్తారు. దారిలో కొన్ని చోట్ల మజిలీలుంటాయి. అక్కడ కార్డు మీద ముద్ర వేయించుకుని, తిని, నీళ్ళు నింపుకుని, నడుం వాల్చి, కాళ్ళు బార్లా చాపుకుని పోవచ్చు.

పోవచ్చు అన్నది మిగతావాళ్ళ మాట. ఆవిడ మజిలీకి వస్తే ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద. ఒక చేత్తో కార్డు చాపి, రెండో చేత్తో అరటిపండు నోట్లో కుక్కుకుని, తొక్క డబ్బాలో పడేలోపే వెళ్ళిపోయేది. ఆగడం కూడా రైడులో భాగమేనక్కా, తొక్కినంత శ్రద్ధగా తినాలి అని మాస్టారు నచ్చజెప్పబోతే, ఆ మాట చివరికొచ్చేసరికి ఎదురుగా మనిషి ఉండేది కాదు.

ఈ మజిలీల్లో ప్రతిసారీ ఇంకొక మనిషి కనిపించేవాడు. సోఫాల మేస్త్రీ. దుకాణం మూసుకుని, స్పాంజి మూటలు మోసే పాత వ్యానులో పొయ్యీ, గిన్నెలూ వేసుకుని, అడ్డదారిన ముందే వచ్చి కూర్చునేవాడు. ఉప్పేసి ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్లు, రొట్టె, టీ. ఎండనక వాననక ఆవిడ ఎప్పుడొస్తుందా అని చూస్తుండేవాడు. ఆవిడ వచ్చేది, ఏమండీ వెళ్ళొస్తా అనేది, పోయేది. ఆయన మూత తీసిన గిన్నె మీద మళ్ళీ మూత పెట్టేవాడు.

మేస్త్రీ నిదానం మనిషి. ఎంత నిదానమో తెలియాలంటే ఆయన టీ తాగడం చూడాలి. ముందు గ్లాసు అలా పెట్టేస్తాడు. ఆవిరంతా పోవాలి. పైన మీగడ కట్టాలి. ఆ మీగడని వేలితో తీసి పక్కన పెడతాడు. ఒక గుక్క తాగి గ్లాసు దించి వీధిలోకి చూస్తాడు. ఏదో గుర్తొచ్చి నవ్వుకుంటాడు. మళ్ళీ ఒక గుక్క. మేస్త్రీ గ్లాసు పట్టుకున్నాడంటే బజారుకెళ్ళి కూరలు కొనుక్కుని రావచ్చని దుకాణానికొచ్చేవాళ్ళు హాస్యమాడుతుంటారు.

రెండేళ్ళు వరసగా ఆవిడ పెద్ద రైడు పూర్తిచేయలేకపోయింది. మొదటిసారి వాంతులై చతికిలబడింది. రెండోసారి మరీ అన్యాయం. ఊరి చివర వంతెన దాకా వచ్చేసింది. దీపాలు కనిపిస్తున్నాయి. అక్కడ కళ్ళు బైర్లు కమ్మి, సైకిలు మీంచి పక్కకి ఒరిగి, పడిపోయింది. పొద్దుట్నుంచీ కడుపులో పడింది రెండు అరటిపళ్ళు. మేస్త్రీ ఆవిడని ఎత్తి స్పాంజి మూటల మధ్య పడుకోబెట్టి ఇంటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా మధ్యమధ్య వెనక్కి చెయ్యి చాపి ఆవిడ నుదురు తడిమి చూస్తూనే ఉన్నాడు.

ఈ ఏడు సంగతి వేరే. ఈసారి పెద్ద రైడు పూర్తిచేసినవాళ్ళనే సముద్రం దాకా వెళ్ళే యాత్రకి తీసుకెళ్తానని మాస్టారు ప్రకటించాడు. రోజుల తరబడి తొక్కడం, కొత్త ఊళ్ళు, చివర్న సముద్రం. ఆవిడ సముద్రం చూడలేదు. అది ఎప్పుడూ కదులుతూనే ఉంటుందని విన్నప్పట్నుంచీ దాని మీద ఆవిడకి చుట్టరికం లాంటి ఇష్టం. డిపో మేనేజరు కాళ్ళావేళ్ళా పడి సెలవు కూడా ముందే సంపాదించుకుంది. ఇక రైడు పూర్తికావడమే మిగిలింది.

అప్పుడు మేస్త్రీ, ఎన్నడూ లేనిది, ఒక షరతు పెట్టాడు.

"నేను వస్తాను. కాటా దగ్గర మజిలీలో నువ్వు కూర్చోవాలి. కూర్చుని తినాలి. నా గ్లాసులో టీ అయ్యేదాకా లేవకూడదు."

"మీ గ్లాసులో టీయా? తెల్లారిపోతుంది."

"నువ్వొచ్చి కూర్చునేదాకా నేను గ్లాసు ముట్టను, అక్కణ్ణించి కదలను. ఇది నా మాట. నీ మాట చెప్పు."

ఆయన మొహంలో నవ్వు లేదు. వంతెన నుంచి వస్తూ నుదురు తడిమిన ఆ చెయ్యి ఆవిడకి గుర్తొచ్చింది.

"సరే. మాట" అంది.

రైడు రోజు గాలి వెనకనుంచి తోస్తోంది. ఆవిడకి పూనకం వచ్చినట్టుంది. కుర్ర జట్టు ఒకటి అందరికంటే ముందు పోతుంటే వాళ్ళ వెనకే అతుక్కుపోయింది. మొదటి మజిలీ పెట్రోలు బంకు. అక్కడ మేస్త్రీ చేతికి ఫోనిచ్చి వ్యానులో చార్జింగు పెట్టమంది, ముద్ర వేయించుకుంది, జట్టు కదలగానే కదిలిపోయింది. ఫోను సంగతి ఎవరికి గుర్తుంటుంది! మేస్త్రీ ఆ ఫోను జాగ్రత్తగా జేబులో వేసుకుని అడ్డదారిన కాటాకి బయల్దేరాడు.

కాటా అంటే ఒకప్పుడు లారీలు తూకం వేసిన చోటు. ఇప్పుడు ఒక రేకుల షెడ్డూ, ఒక గోడా మిగిలాయి. ఆవిడ జట్టుతో కలిసి అక్కడికి అనుకున్నదానికంటే చాలా ముందే చేరిపోయింది. షెడ్డు ముందు బల్ల వేసుకున్న క్లబ్బు కుర్రాడు కార్డు మీద ముద్ర కొట్టాడు. ఆవిడ చుట్టూ చూసింది. గోడ వెనక వ్యాను కనిపించింది. మేస్త్రీ అటు తిరిగి వంగి, గాలికి పొయ్యి ఆరిపోకుండా ఒక స్పాంజి ముక్క అడ్డం పెట్టి వెలిగించడానికి తంటాలు పడుతున్నాడు. ఆయన వీపు కనిపిస్తోంది. పక్కనే కూర్చోవడానికి ఆయన స్టూలు. దాని పక్కన ఆకుపచ్చ కుర్చీ.

ఓరి నాయనో, కుర్చీ కూడా మోసుకొచ్చాడు!

పిలిస్తే పలికేంత దూరం. పిలుద్దామని నోరు తెరిచింది కూడా. ఇంకా పొయ్యే వెలగలేదు. పొయ్యి వెలగాలి, టీ మరగాలి, ఆ టీ చల్లారాలి, మీగడ కట్టాలి, ఆ మీగడ తీయాలి. ఆవిడ అరికాళ్ళు జిలజిలలాడాయి. జట్టులో వాళ్ళు పెడళ్ళ మీద కాళ్ళు పెట్టేశారు. ఈ గాలి మళ్ళీ రాదు, ఈ జట్టు మళ్ళీ దొరకదు. గుట్ట దాటితే ఇంకో మజిలీ, ఆయన ఎలాగూ అక్కడికి వస్తాడు, అక్కడ కూర్చుంటాలే, కూర్చోవడం ఎక్కడైతేనేం అనుకుంది. అనుకోవడం పూర్తయ్యేసరికే చక్రాలు తిరుగుతున్నాయి. వెళ్తున్నానండీ అని ఓ కేక వేసింది గానీ గాలి దాన్ని ఎటో పట్టుకుపోయింది. ఆయన తల తిప్పలేదని ఆవిడకి తెలుసు.

గుట్ట ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంది. దిగుతున్నప్పుడు కాళ్ళు పీకడం మొదలైంది. జేబులో ఉన్న ఒక్క అరటిపండూ అప్పటికే అయిపోయింది. జట్టు ముందుకి పోయింది, ఆవిడ వెనకబడింది. రెండేళ్ళ అనుభవం ఊరికే పోతుందా, ఒంట్లో ఏం జరగబోతోందో ఆవిడకి తెలిసిపోయింది. ఇంక తినకపోతే మళ్ళీ వంతెనే. గుట్ట అవతల మజిలీ మూతబడ్డ సినిమా హాలు మెట్ల దగ్గర. లెక్కల మాస్టారే అక్కడ ముద్రలు వేస్తున్నాడు. నీళ్ళ డ్రమ్ము ఉంది, బిస్కట్లున్నాయి. మేస్త్రీ వ్యాను లేదు.

సరే, వస్తాడులే అనుకుని సైకిలు గోడకి ఆనించింది.

ఇప్పుడు చూడాలి ఆవిడ అవస్థ! మెట్లెక్కింది, దిగింది. రోడ్డు మలుపు దాకా నడిచి తొంగిచూసింది. వెనక్కొచ్చి టైరు నొక్కి చూసింది. బాగానే ఉన్న చెయిను మీద మళ్ళీ నూనె చుక్క వేసింది. చిరిగిపోయిన పాత పోస్టరు మీద అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివింది. మళ్ళీ మలుపు దాకా వెళ్ళింది. బిస్కట్లు తిని బయల్దేరక్కా, నీకు బోలెడంత టైముంది, ఈసారి నీ రైడు అయిపోయినట్టే అని మాస్టారు పొట్లం చేతిలో పెట్టాడు. రెండు నమిలింది, గొంతు దిగలేదు. మాస్టారు ఫోను తీసుకుని కాటాకి చేద్దామంటే, గుట్ట అవతల సిగ్నలు ఉండదాయె.

మొదట ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి ఎక్కడ చచ్చాడు? అందరూ వెళ్ళిపోతున్నారు, ఈయన ఇంకా గిన్నెలు తోముతూ కూర్చున్నాడా? బస్సులో అయితే ఇలాంటి ప్రయాణికుణ్ణి వదిలేసి రైట్ రైట్ అనేది. ఒక్కొక్కరే సైకిళ్ళు వచ్చాయి, పోయాయి. కోపం పలచబడి దాని అడుగునుంచి భయం పైకి తేలింది. వ్యాను ముసలిది. గాలికి పొయ్యి ఎగదన్నిందేమో. చుట్టూ ఉన్నదంతా స్పాంజి, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. చేతులు కాలాయేమో. ఆ చేతులు లేకపోతే ఆయన ఏం చేస్తాడు? ఆవిడ ఇంకోసారి మలుపు దాకా పరుగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది.

ఖాళీ రోడ్డు వైపు అలా చూస్తూ నిలబడ్డప్పుడు ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఆయన ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే. ప్రతి మజిలీలో ఇలాగే కదా చూస్తూ కూర్చుంటాడు! ఆలస్యమైతే ఇలాగే పడిపోయిందేమో, లారీ ఏదైనా తగిలిందేమో అని లేనిపోనివన్నీ ఊహించుకుంటాడా? ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగడానికి ఆగాలి కదా. ఆవిడకి సిగ్గేసింది. నడి రోడ్డు మీద, ఎవరూ చూడకపోయినా, తల దించుకుంది.

అందరికంటే ఆఖర్న మందుల షాపాయన వచ్చాడు. ప్రతి ఏడూ ఆఖర్న వచ్చేది ఆయనే, ప్రతి మజిలీలో కడుపు నిండా తినేదీ ఆయనే. ఆవిడని చూడగానే బ్రేకు వేసి నోరు తెరిచేశాడు.

"అదేమిటక్కా, నువ్విక్కడున్నావా? మీ మేస్త్రీ అక్కడ నీ కోసం కూర్చున్నాడు."

ఆయన బాగానే ఉన్నాడా అని అడిగింది ముందు. బాగానే ఉన్నాడు, రాయిలా ఉన్నాడు, కదిల్తేగా అన్నాడు షాపాయన. వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతున్నాడట, మా ఆవిడ కనిపించిందా అని.

"అందరం చెప్పాం, ఎప్పుడో వెళ్ళిపోయిందయ్యా అని. ముద్ర కొట్టిన కుర్రాడు కూడా చెప్పాడు. వినడే. మీరు ఇంకెవర్నో చూసుంటారు, అందరివీ ఒకే రంగు చొక్కాలు కదా, అంటాడు. ఆవిడ నాకు మాటిచ్చింది, చెప్పకుండా వెళ్ళదు, అంటాడు."

చెప్పకుండా వెళ్ళదు! ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎవరికి చెప్పి వెళ్ళింది గనక? ఇంట్లో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఆ ఒక్క మనిషి మాత్రం పదిమంది కళ్ళారా చూశామన్నా వినకుండా ఆవిడ మాట పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు మాటలు తిట్టినా ఇంత బాధపడేది కాదు.

సైకిలు తీసి వెనక్కి తిప్పింది. మాస్టారు కంగారుపడి లేచాడు. గుట్ట మళ్ళీ ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి దిగాలి, ఆ తర్వాత మిగిలిన దారంతా ఉంది, చీకటిపడితే గేటు తెరవను, నేను పెట్టిన రూలు నేనే తప్పలేను అని బతిమాలినట్టే చెప్పాడు. సముద్రం సంగతి గుర్తుచేశాడు. కావాలంటే మందుల షాపాయనతో కబురు పంపిస్తానన్నాడు. మందుల షాపాయన ఆ గుట్ట వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఆయన టీ ముట్టుకోడండీ" అంది ఆవిడ.

మాస్టారికి ముక్క అర్థం కాలేదు. ఆవిడ బిస్కట్ల పొట్లం జేబులో దోపుకుని అప్పటికే మలుపు తిరిగింది.

వచ్చిన దారిన వెనక్కి వెళ్ళడం ఆవిడకి తెలియని విద్య. బస్సు కూడా చివర్న చుట్టు తిరిగి వేరే వీధిలోంచి వస్తుంది. రోడ్డు మీద సున్నంతో వేసిన బాణం గుర్తులన్నీ ఎదురు తిరిగి, ఎటమ్మా వెళ్తున్నావు అని నిలదీస్తున్నట్టున్నాయి. గాలి ఇప్పుడు ఎదురు. గుట్ట ఎక్కేటప్పుడు సగం దాకా తొక్కి, ఇంక కాళ్ళు మొరాయిస్తే దిగి తోసుకుంటూ నడిచింది. నడుస్తూ ఒక్కొక్క బిస్కట్టే నమిలింది. ఎండ వాలడం మొదలైంది. ప్రతి అడుగూ సముద్రాన్ని ఇంకాస్త అవతలికి నెడుతోందని తెలుస్తూనే ఉంది. మనసు ఊరుకోలేదు, అక్కడికెళ్ళి ఏం చెప్తావు, ఏ మొహం పెట్టుకుని చెప్తావు అని గుట్ట దిగేదాకా పీకుతూనే ఉంది.

దూరంనుంచే రేకుల షెడ్డు కనిపించింది. బల్ల తీసేశారు, ముద్ర కొట్టే కుర్రాడు వెళ్ళిపోయాడు. వ్యాను మటుకు అక్కడే ఉంది. మేస్త్రీ దాన్ని గోడ వెనకనుంచి తెచ్చి రోడ్డు పక్కనే పెట్టాడు, మనిషి వస్తే కనిపించాలని కాబోలు. స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పెట్రోలు బంకు వైపు రోడ్డుని చూస్తున్నాడు. ఆవిడ రావలసింది అటునుంచి. ఇటువైపు ఆయన వీపే కనిపిస్తోంది. పొద్దున్న చూసిన వీపే.

షెడ్డు పక్కనుంచి ఒక మట్టిదారి చుట్టు తిరిగి అవతల రోడ్డులో కలుస్తుంది. ఆ దారి మొదట్లో ఆవిడ ఆగింది. చుట్టు తిరిగి అటునుంచి వచ్చి, రెండు చక్రాలూ పంక్చరయ్యాయండీ, ఇప్పటికి పడ్డాను అంటే చాలు. ఆయన నమ్ముతాడు. పదిమంది చెప్పింది నమ్మనివాడు ఈ ఒక్క ముక్కా కళ్ళు మూసుకుని నమ్ముతాడు. గిన్నె మూత తీసి వడ్డిస్తాడు. ఇంకెవరూ ఆయనకి నిజం చెప్పలేరు కూడా, చెప్పినా వినడు. అలా నమ్మేస్తాడన్న సంగతే ఆవిడని అటు వెళ్ళనివ్వలేదు. సైకిలు దిగి, తిన్నగా ఆయన వెనకనుంచే నడుచుకుంటూ వెళ్ళింది.

బోర్లించిన డబ్బా మీద రెండు గ్లాసులు, దుమ్ము పడకుండా వాటి మీద ఒక గుడ్డ పీలిక. ఆకుపచ్చ కుర్చీ మీద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి. ఆవిడ రాయి తీసింది, పేపరు తీసింది. కూర్చుంది.

స్పాంజి లోంచి ఉస్సుమని గాలి వచ్చింది. కొత్త సీటు మీద మొదటిసారి మనిషి బరువు పడ్డప్పుడు వచ్చే చప్పుడు అది. జీవితమంతా ఆ చప్పుడు విన్నవాడు మేస్త్రీ. చటుక్కున ఇటు తిరిగాడు. ఆవిడని చూశాడు, సైకిలుని చూశాడు, ఆవిడ వెనక ఉన్న గుట్టని చూశాడు.

"ఎటునుంచి వచ్చావు?"

"ముందునుంచి."

ఆవిడ అంతా చెప్పింది. పొద్దున్న ఆయన పొయ్యి వెలిగిస్తుంటే చూశానని చెప్పింది. కుర్చీ కూడా చూశానని, చూసే వెళ్ళిపోయానని చెప్పింది. కాళ్ళు ఆగలేదని గానీ, జట్టు వెళ్ళిపోతోందని గానీ సాకు చెప్పలేదు. అవతల సినిమా హాలు దగ్గర ఆయన కోసం ఎదురుచూశానని, మలుపు దాకా పరుగెత్తి చూశానని కూడా చెప్పింది. మేస్త్రీ మొహం చిన్నబోయింది. కాసేపు రోడ్డు వైపు చూశాడు, ఇంక అటునుంచి రావలసినవాళ్ళు ఎవరూ లేకపోయినా.

"అందరూ చెప్పారు. నేనే నమ్మలేదు" అన్నాడు.

"తెలుసు. అందుకే వచ్చాను."

మేస్త్రీ లేచి గిన్నె మూత తీసి పళ్ళెంలో బంగాళాదుంపలు, గుడ్లు, రొట్టె పెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. అన్నీ చల్లారిపోయాయి. ఆవిడ తింది. మొదటిసారి, ఏం తింటోందో తెలుస్తూ తింది. దుంపల్లో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఇన్నేళ్ళూ ఇలాగే ఎక్కువేసేవాడేమో, చెమట పట్టే మనిషికి కావాలని. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని, గుడ్డ పీలిక తీసి, తన గ్లాసు ఎత్తాడు. అది నిండుగా ఉంది. పైన మీగడ మందంగా అట్టగట్టి ఉంది. ఇక మొదలవుతుంది అనుకుని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

మేస్త్రీ మీగడ తీయలేదు. గ్లాసు దించలేదు, వీధిలోకి చూడలేదు, నవ్వుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మందు తాగినట్టు, ఆ చల్లారిన టీ అంతా గడగడా ఒక్క పట్టున తాగేసి, గ్లాసు డబ్బా మీద బోర్లించాడు. మూతి తుడుచుకున్నాడు.

"అయిపోయింది. మాట నిలబెట్టుకున్నావు. ఇప్పుడు కదిలితే చీకటిపడేలోపు అందుకుంటావు. నువ్వు అందుకుంటావు, నాకు తెలుసు. లే. రైట్ రైట్."

ఆ మాట వినగానే ఆవిడ కాలు అలవాటు చొప్పున పెడలు కోసం గాలిలో వెతికింది. పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది. ఒంట్లోకి సత్తువ కూడా వచ్చింది. అందుకున్నా అందుకోవచ్చు. ఆవిడ ఆ బోర్లించిన గ్లాసుని చూసింది. ఆయన మూతి పక్కన అంటుకున్న మీగడ తునకని చూసింది. ఆ మనిషి హడావిడిగా చేసిన పని ఆవిడ తన కాపురంలో చూడటం ఇదే మొదలు.

కాలు వెనక్కి తీసుకుని కుర్చీ కిందికి ముడుచుకుంది. బస్సు ఆపాలంటే కండక్టర్లు ఒక మాట అంటారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ తప్పనిసరైతే తప్ప అనని మాట.

"హోల్డాన్" అంది. గ్లాసు ఎత్తి ఆయన ముందుకి చాపింది. "ఇంకో గ్లాసు పెట్టండి. వేడిగా. మెల్లగా తాగండి."

"పొయ్యి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాలంటే ఈ గాలికి చాలాసేపు పడుతుంది" అన్నాడు మేస్త్రీ.

"పట్టనివ్వండి" అంది. స్పాంజి ముక్క అందుకుని లేవబోతున్న ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుని, కుర్చీలోంచి లేవకుండానే, గాలి రాకుండా పొయ్యికి అడ్డం పట్టుకుంది.